ఎడమ వరుసలో మూడోది

జనవరి 9
పొద్దున మంచు, తర్వాత ఎండ. మేడమీది నీళ్ల ట్యాంకు కడిగాను.

నట్టూ,

నీ ఉత్తరం అందింది. హాస్టల్ గదికి కిటికీ ఉందన్నావు, సంతోషం. కార్లు పరీక్షించే ట్రాకు, హాస్టలు ఒకే ఆవరణ కాబట్టి లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరని మీ అమ్మ దిగులు పడుతోంది. నాకేం ఇబ్బంది లేదు. ఫోనులో నాకు ఆ, ఊ తప్ప మాట రాదు. కాగితమైతే ఆలోచించుకోడానికి వీలుంటుంది.

నిన్న ఒక ఇంజను పూర్తిచేసి పెట్టెలో పెట్టి పంపాను. మీ ట్రాకుకే వస్తుందని మా బిగింపు గది మేస్త్రి అన్నాడు. ఎనిమిది సిలిండర్లు, ఎడమ నాలుగు, కుడి నాలుగు. లారీ షెడ్డులో పని నేర్చుకునేటప్పుడు నేను విప్పిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు గుడగుడమనేవి. ఒకే వైపు రెండు వెంటవెంటనే పేలి, అవతలి వైపు తర్వాత అందుకునేది. వీటిలో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, వేరు. దాని మెలికలన్నీ ఒకే పలక మీద పడుకోబెట్టినట్టుంటాయి. అందుకని ఎడమ, కుడి, ఎడమ, కుడి అని పేలుతుంది, మనిషి నడిచినట్టు. వణుకు కొంచెం ఎక్కువే గానీ గొంతు ఒక్కటే. ఇన్ని బిగించాను, రోడ్డు మీద ఒక్కటీ వినలేదు. బిగించడం ఇక్కడ, పరుగెత్తించడం అక్కడ.

నువ్వు చేసే పనేంటో రాయమని మీ అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి అరుస్తోంది. పక్కింటావిడ అడిగితే "కారులో కూర్చుంటుంది" అని చెప్పిందట. "అందుక్కూడా జీతమిస్తారా?" అందట ఆవిడ. నాకూ సరిగ్గా తెలియదు. రాయి.

ఇంకోటి కూడా రాయమంటోంది. నిన్న పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని నేను పేపరు చదువుతూ కూర్చున్నానట. తను అందుకోబోయి చెయ్యి కాల్చుకుంది. "అవి వేళ్లా, పటకారా?" అంది. నా చొక్కా పైబొత్తాం కూడా ఈమధ్య తనే పెడుతోంది. కాజా చిన్నగా కుట్టి నన్నంటుంది.

ఒళ్లు జాగ్రత్త.

మావయ్య

జనవరి 17

మావయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, అందులో రెండుసార్లు పటకారు కోసమే. అమ్మ చెయ్యి తగ్గిందా? కాజాల గురించి నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించావా, దాటేశావా?

నా పని అమ్మకి ఇలా చెప్పు. ఇద్దరు కలిసి బీరువాని మేడమీదికి మోస్తున్నారనుకో. ఒకడు కరెంటు మోటారు, ఇంకొకడు నీ ఇంజను. ఇంజనుకి బలం ఎక్కువ, కానీ దాని టర్బో ఉంది చూశావూ, అది ఇంజను వదిలిన పొగతోనే తిరిగి, ఆ ఇంజనులోకే గాలి తోస్తుంది. డ్రైవరు కాలు నొక్కగానే అది లేచి తిరగడానికి ఒక ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరి పూర్తయ్యేలోపు మోటారు మోస్తుంది. ఇంజను అందుకోగానే మోటారు మెల్లగా భుజం తీసేస్తుంది. ఆ మార్పు డ్రైవరు నడుముకి తెలిసిందంటే నా పని చెడినట్టు. ఎవరు ఎప్పుడు మోశారో ఎవరికీ తెలియకూడదు. దానికే నాకు జీతం. పక్కింటావిడకి ఇంకా అనుమానముంటే నా దగ్గరికి పంపించు.

మా టెస్టు డ్రైవరుని ఇక్కడందరూ నిద్రమొహం అంటారు. మూడొందలు దాటిన వేగంలో కూడా ఆవలిస్తాడు. వాళ్లమ్మాయి రంగుపెన్సిళ్లతో కారు బొమ్మ వేసిస్తే, దాన్ని తన సీటు పక్కన అంటించుకున్నాడు. ఆ కారుకి అయిదు చక్రాలున్నాయి. "మీ కారుకంటే మా అమ్మాయి కారు నయం ఇంజనీరమ్మా, ఒకటి పోయినా నాలుగుంటాయి" అంటాడు.

ఈ వారం నాకొక మంచి పని జరిగింది. కొత్తగా వచ్చిన కారొకటి చల్లగా ఉన్నంతసేపూ బాగుంటుంది. చాలా చుట్లు తిరిగి బాగా కాగాక, ఎనిమిదిట్లో ఒకటి కొద్దిగా కుంటుతోంది. ఆ ఒక్కటీ నెట్టాల్సినంత నెట్టడం లేదు. నిద్రమొహానికి సీట్లో తెలిసింది. దాని వంతు వచ్చినప్పుడల్లా మోటారు ఒక చిన్న తోపు తోసేలా ప్రోగ్రాం రాశాను. కుంటు మాయమైపోయింది. "ఏం చేశావమ్మా, వెన్న రాశావా?" అన్నాడు నిద్రమొహం. మా ఇన్‌చార్జికి ఎంత నచ్చిందంటే అన్ని కార్లలోనూ పెట్టించేశాడు. నా పేరు మీటింగులో చెప్పారు మావయ్యా.

అమ్మకి నా ముద్దులు. నీకు మాత్రం మంచి గ్లాసొకటి కొని తెస్తాను, పిడి ఉన్నది.

నీ నట్టు

జనవరి 24
మబ్బు. గాలి లేదు. పెరటి తలుపు గొళ్లెం బిగించాను.

నట్టూ,

మూడు సంగతులు రాయి. కుంటేది ఏ వరుసలో ఎన్నోది. వేడెక్కాకే కుంటుతోందన్నావు, చల్లగా ఉన్నప్పుడు అసలు లేదని ఖాయమా. ఇంజను బోల్టులు ఊడిపోకుండా కట్టే తీగ ఎటువైపు మెలి తిప్పి ఉంది.

కుంటేదాన్ని కుంటనివ్వాలి. అది చెప్పే మాట అదొక్కటే. నోరు నొక్కడం మరమ్మతు కాదు.

వెంటనే రాయి.

మావయ్య

ఫిబ్రవరి 1

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. జవాబు రాయకుండా ఉండిపోయానంటే కోపమొచ్చే.

నా పేరు మీటింగులో చెప్పారని రాస్తే ఒక్క ముక్క లేదు. "మరమ్మతు కాదు" అన్నావు. ఇక్కడ ఇంజను గదివాళ్లు కూడా ఇదే మాట. మోటారువాళ్లం అంటే వాళ్లకి బొమ్మకారు బ్యాటరీలు మార్చేవాళ్లం. నువ్వు కూడా ఆ వరుసలోనే నిలబడతావని అనుకోలేదు. నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది నువ్వు. నట్టు నోట్లో వేసుకుని మింగబోతే కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి కక్కించి, ఆ పేరే పెట్టిందీ నువ్వే.

సరే, నీ ప్రశ్నలకి జవాబులు. ఎడమ వరుసలో మూడోది. వేడెక్కాకే. తీగ ఎడమకి మెలి తిప్పి ఉంది.

ఎడమచేత్తో తీగ మెలిపెట్టే మనిషి మీ గదిలో నువ్వొక్కడివే. అది నాకు తెలియదనుకున్నావా? బానెట్టు ఎత్తిన మొదటి రోజే చూశాను. మామూలుగా అయితే కుంటు కనిపిస్తే కాగితం రాసి ఇంజను మీ గదికి తిప్పి పంపాలి. కాగితం మీద బిగించినవాడి పేరుంటుంది. బల్లలు తగ్గించి మనుషుల్ని తీసేయాలని మీ మేస్త్రి మీద పైనుంచి ఒత్తిడి ఉందని అమ్మే నాకు చెప్పింది. అందుకని రాయలేదు. మోటారుతో సర్దేశాను. ఒక్క రవ్వంత కుంటు, దానికి నీ బల్ల పోవాలా?

పదిహేనో తారీకున ఆ కారుతోనే పూర్తి వేగం పరుగు ఉంది. ఏమీ కాదు. మోటారు చూసుకుంటుంది. నువ్వు ఈ సంగతి ఎవరితోనూ అనకు. నా మీద కోపమొస్తే నాకు రాయి.

నట్టు

ఫిబ్రవరి 5
చిన్న వాన పడి ఆగింది. ఏ పనీ చేయలేదు.

నట్టూ,

ఈ ఉత్తరం నీకు అందేలోపు మేస్త్రి మీ ట్రాకుకి ఫోను చేసి ఉంటాడు. ఆ కారు పరుగు ఆపుతారు.

నీ పనిని నేను తక్కువ చేయలేదు. అలా అనిపించేలా రాశాను. నాకు నా వేళ్ల మీద అనుమానమొచ్చింది. అది రాయడానికి చెయ్యి రాక ప్రశ్నలు మాత్రం రాశాను.

వాల్వు పైన మేము ఒక సన్నని సందు వదులుతాం. వేడెక్కితే వాల్వు కాడ పొడవు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట ఆ పక్కనుంచి దూసుకుపోతుంది, అంచు కాలుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. నువ్వు రాసింది అచ్చం అదే.

ఆ సందుని సన్నని రేకుతో కొలుస్తాం. రేకు దూర్చి లాగితే వేళ్లకి ఒక పట్టు తెలియాలి. తడిసిన కాగితాన్ని అద్దం మీంచి లాగినట్టు. మరీ గట్టిగా ఉంటే సందు తక్కువ, జారిపోతే ఎక్కువ. ఆ పట్టు ఏ కొలబద్ద మీదా ఉండదు. వేళ్లే చెప్పాలి.

నీ ఉత్తరం చదివి బల్ల దగ్గరికి వెళ్లాను. పలచటి రేకొకటి, మందపు రేకొకటి తీసుకుని, కళ్లు మూసుకుని, ఒకదాని తర్వాత ఒకటి లాగి చూశాను. రెండూ ఒకటేలా ఉన్నాయి. చాలాసార్లు చూశాను. టీ గ్లాసు, బొత్తాం, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. మీ అమ్మ నవ్వుతూ చెప్పింది కాబట్టి నేనూ నవ్వాను.

ఆ రేకులు తీసుకునే వెళ్లి మేస్త్రికి చెప్పాను. "నీ చేతులకేంటయ్యా, నాకంటే గట్టివి" అన్నాడు. కళ్లు మూయించి రేకు నా చేతికిచ్చి ఏదని అడిగాడు. తప్పు చెప్పాను. ఇంకోసారి ఇచ్చాడు. మళ్లీ తప్పే. ఫోను దగ్గరికి వెళ్లాడు.

వేళ్లకి తెలియకపోతే చెయ్యి కాలుతూనే ఉంటుంది. ఇంజనూ అంతే.

నువ్వు నాకోసం చేశావని తెలుసు.

మావయ్య

ఫిబ్రవరి 17

మావయ్యా,

ఇంజను విప్పారు. ఎడమ వరుసలో మూడోది, పొగ బయటికి వదిలే వాల్వు. అంచు ఒకచోట కాలిపోయి ఎలుక కొరికినట్టుంది. అక్కడి నుంచి ఒక చీలిక లోపలికి మొదలైంది. పూర్తి వేగంలో ఆ వాల్వు తల తెగి సిలిండరులో పడి ఉంటే ఇంజను ఒక్కసారిగా పట్టేసేది. వెనక చక్రాలు బిగుసుకునేవి. మూడొందల వేగంలో, లోపల నిద్రమొహంతో.

నిద్రమొహం వాల్వుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మొదటిసారి అతని కళ్లు పూర్తిగా తెరుచుకోవడం చూశాను. "వెన్న బాగా రాశావు ఇంజనీరమ్మా" అన్నాడు. అంతే. కారులోంచి అయిదు చక్రాల బొమ్మ తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

మా ఇన్‌చార్జి నన్ను పిలిచాడు. మీ గది నుంచి వచ్చిన మాటలు కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకున్నాడు. అందులో ఉంది: "కుంటు సంగతి ట్రాకులో మోటారు పని చూసే అమ్మాయికి ముందే తెలుసు. బిగించినవాడు తన బంధువని కాగితం రాయలేదు." ఈ సంగతి నేను రాసింది నీకొక్కడికే.

నన్ను కార్ల మీంచి తీసేశారు. మూడు నెలలపాటు బ్యాటరీ గదిలో కూర్చుని సెల్లులు లెక్కపెట్టాలి. తప్పు చేశాను, శిక్ష వేశారు, దానికి నేనేమీ అనను. పరుగు ఆపించావు, అందుకు దండం పెడతాను. నీ తప్పు నువ్వు చెప్పుకున్నావు, అది నీ ఇష్టం. నా సంగతి కూడా నువ్వే చెప్పావా? లేక మేస్త్రి నా ఉత్తరం చూశాడా? చూశాడని రాయి మావయ్యా. నేను నమ్ముతాను.

నట్టు

ఫిబ్రవరి 23
ఎండ. ఉతికిన కర్టెన్లు తగిలించాను.

నట్టూ,

మేస్త్రి ఏ ఉత్తరమూ చూడలేదు. నేనే చెప్పాను.

ఇన్ని చుట్లు తిరిగితే ట్రాకులో ఎవరికీ ఎందుకు తెలియలేదని అడిగాడు. నా వేళ్ల సంగతి చెప్పి అక్కడితో ఆపి ఉండొచ్చు. అప్పుడు నా ఇంజను ఒక్కటే విప్పేవాళ్లు. నీ తోపు అన్ని కార్లలోనూ పెట్టించారని రాశావు. వేరేవాళ్లు బిగించిన ఇంజన్లలో రేపు ఇంకోటి కుంటితే అదీ కనపడేది కాదు. సగం చెబితే పని జరగదని తెలిసింది. చెప్పాను.

నీకు ముందుగా రాయాల్సింది. అయిదో తారీకు ఉత్తరంలో ఆ ముక్క రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోయాను. అది మాత్రం నా తప్పు.

మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. భోజనం బల్ల మీద పెట్టి, గోడకేసి "తినేవాళ్లు తినొచ్చు" అంటుంది. బొత్తాం మాత్రం వచ్చి పెడుతుంది. పెట్టేటప్పుడు కాలరు పట్టి ఒక కుదుపు కుదుపుతుంది. "మేనకోడలి నోటి దగ్గర ముద్ద లాగేసిన మావయ్య ఎక్కడైనా ఉన్నాడా?" అని మొన్న అద్దంతో అంది. అద్దంలో నేనే ఉన్నాను.

డాక్టరు నరాలన్నాడు. చాలా ఏళ్లు పెట్రోలులో చేతులు కడిగినందుకు అయి ఉండొచ్చు, వయసుకి అయి ఉండొచ్చు అన్నాడు. తిరిగి రాకపోవచ్చట.

నా బల్ల ఇంకొకరికి ఇచ్చారు. నన్ను ఇంజను సామాను కడిగే గదిలో వేశారు. ఈమధ్య నేను బిగించినవన్నీ వెనక్కి తెప్పించి మేస్త్రి తనే విప్పుతున్నాడు. రేకు తను పట్టుకుంటాడు, పక్కన నేను నిలబడతాను. ఇంకో రెండిట్లో సందు తక్కువ తేలింది. దేనికీ వాల్వు కాలలేదు. మీ ట్రాకు నుంచి వచ్చినది కూడా మొన్న తనే మళ్లీ బిగించాడు. తీగ కుడికి మెలిపెట్టాడు. అలవాటు లేక నా కళ్లకి అది తలకిందులుగా కనిపించింది.

నువ్వు రాయకపోయినా పరవాలేదు. నేను రాస్తాను.

మావయ్య

ఏప్రిల్ 3

మావయ్యా,

నీ నాలుగు ఉత్తరాలూ అందాయి. తలుపు గొళ్లెం, కుండీలకి మట్టి, గొడుగు ఊచ, వాన వచ్చిన రోజులు, రాని రోజులు. ఒక్కదానిలోనూ నన్ను జవాబు అడగలేదు. అడిగి ఉంటే ఇంకా బిగుసుకునేదాన్ని.

బ్యాటరీ గదిలో చేసేదేమీ లేక ఆలోచించాను. మోటారు తోపు తీసేయమంటే తీసేస్తారు, కానీ అది మంచిదే మావయ్యా. మంచి ఇంజనుక్కూడా అప్పుడప్పుడు చెయ్యందివ్వాలి. తప్పు తోయడంలో లేదు, చెప్పకుండా తోయడంలో ఉంది. అందుకని ఇప్పుడు మోటారు తోస్తూనే, ఎంత తోసింది, ఏ సిలిండరు కోసం తోసింది గుర్తుపెట్టుకుంటుంది. ఒకదానికే పదేపదే తోయాల్సి వస్తే డ్రైవరు ముందు దీపం వెలిగిస్తుంది. బీరువా మోసేవాడు మోస్తూనే "పైవాడు కుంటుతున్నాడురోయ్" అని అరుస్తాడన్నమాట. కాగితం మీద రాసి ఇన్‌చార్జికిచ్చాను. చదివి, "ముందే ఇది చేసి ఉంటే" అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. నన్ను నెలన్నర ముందే కార్ల దగ్గరికి రానిచ్చారు.

నిద్రమొహం నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఆ దీపాన్ని వేలితో తట్టి, "ఇది వెలిగితే నేను దిగి ఇంటికి నడిచిపోతాను, నువ్వు తోసుకో" అన్నాడు. మళ్లీ ఆవలిస్తున్నాడు. ఆ ఆవలింత చూసి నాకు ఏడుపొచ్చింది. బొమ్మ మాత్రం ఇంకా అంటించలేదు.

అసలు సంగతి. ఆ ఇంజనునే అదే కారులో పెట్టారు. దూరప్రయాణం పరీక్షకి మామూలు రోడ్ల మీద తిప్పుతున్నాం. వచ్చే వారం మీ ఊరి మీదుగా వెళ్తాం. రోజు చెప్పలేను, వాన లేని రోజు. నిద్రమొహం నడుపుతాడు, పక్కన నేనుంటాను. ఊళ్లో ఇళ్ల మధ్య మోటారు మీదే రావాలని నియమం కాబట్టి చప్పుడు రాదు. కానీ మన గేటు ముందు ఆపి ఇంజను వేస్తాం. మోటారు తోపు పూర్తిగా ఆపేస్తాను. ఉన్నది ఉన్నట్టు నువ్వు వినాలి. కుంటితే అక్కడే చెప్పు. కారుని అక్కడే వదిలేసి నడిచిపోతానని నిద్రమొహం ఒప్పుకున్నాడు.

పిడి ఉన్న గ్లాసు కూడా తెస్తున్నాను. అమ్మని మాట్లాడమను. గోడతో కాదు, నీతో.

నీ నట్టు

ఏప్రిల్ 11
తెల్లవారుజామున నాలుగు చినుకులు. ఇప్పుడు ఎండ. వంటింటి కుళాయి కారుతుంటే విప్పాను.

నట్టూ,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. దీపం సంగతి రెండుసార్లు చదవమంది. "అంటే ఇప్పుడు దాని కారు చాడీలు చెబుతుందన్నమాట, నీ పోలికే" అంది. నాతోనే అంది. నేను ఊ అన్నాను. ఇంకేమైనా అని ఉండాల్సింది.

సామాను కడిగే గదిలో పని బాగానే ఉంది. వేడినీళ్ల తొట్టి దగ్గర నాకు రబ్బరు తొడుగులు ఇచ్చారు. నీళ్ల వేడి నాకు తెలియదని మేస్త్రి అందరికీ చెప్పి పెట్టాడు. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు నేను తొట్టి దగ్గరికి వెళ్తే ఎవరో ఒకరు "తొడుగులు, అన్నా" అని అరుస్తారు. వేసుకుంటాను.

మొన్న మధ్యాహ్నం నా పాత బల్ల పక్కనుంచి వెళ్లాను. కొత్తతను రేకు లాగుతున్నాడు. లాగి, ఆగి, తల కొంచెం పక్కకి వంచాడు. అతనికి తెలుస్తోంది. నేను ఆగకుండా వచ్చేశాను.

కుళాయిలో వాషరు అరిగిపోయింది. కొత్తది వేశాను. బిగించేటప్పుడు ఎంత బిగిసిందో వేళ్లకి తెలియలేదు, మీ అమ్మని పిలిచి పట్టుకోమన్నాను. "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు" అని చెప్పింది. నీళ్లు ఇంకా వదిలి చూడలేదు. బిందె పెట్టి ఉంచాను. ఇది రాసి లేచి చూడాలి.

వీధిలో కంకర నలుగుతున్న చప్పుడు. ఏదో బండి మెల్లగా వస్తోంది. టైర్లు వినిపిస్తున్నాయి, ఇంజను వినిపించడం లేదు. మీ అమ్మ మిషను ఆపింది.

గేటు దగ్గర ఆగింది. తలుపు తీసిన చప్పుడు లేదు. మీ అమ్మ నన్ను లేవమంటోంది. లేస్తాను. పెద్దరోడ్డు దాకా ఇంజను మీదే వచ్చి ఉంటారు, వేడిగానే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే వినాలి.

ఇంజను వేశారు. బల్ల వణుకుతోంది, అక్షరాలు ఇలా పడుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఎడమ వరుసలో మూడోది కూడా, కుంటు లేకుండా. ఎడమ, కుడి. కుళాయి సంగతి తర్వాత చూస్తాను, లేస్తున్నాను.